ఓడ జాబితాలో ఊరి పేరు: కడప, కర్నూలు ప్రవాసులు, వారి మూలాలు

కడప, కర్నూలు ప్రాంతాల నుంచి జనం బయటికి పోవడం ఒక్క కాలంలో, ఒక్క దిక్కుకు జరిగింది కాదు. 17వ శతాబ్దంలో గండికోట పడిపోయాక తమిళ దేశానికి తరలిపోయిన కుటుంబాలున్నాయి. 19వ శతాబ్దపు కరువుల్లో మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారున్నారు. 1970ల తర్వాత కువైటుకు, ఆపైన అమెరికాకు పోయినవారున్నారు. ఇప్పటికీ ఏటా పంట కోతలయ్యాక సుగ్గికని, అంటే కోత పనుల వలసకని, గుంటూరు మిరప చేలకు పోయి ఉగాదికి తిరిగొచ్చే కుటుంబాలు కర్నూలు పడమటి మండలాల్లో వేలల్లో ఉన్నాయి.

ఇలా పోయినవారి వారసులు తమ పూర్వీకుల ఊరిని వెతుక్కుంటూ రావడం ఈ వ్యాసానికి విషయం. ప్రపంచంలో ఇలాంటి వెతుకులాటకు పెట్టింది పేరు ఐర్లండు. 1845 నుంచి 1852 దాకా బంగాళాదుంప పంటకు తెగులు సోకి వచ్చిన మహా కరువులో అక్కడ సుమారు 10 లక్షల మంది చనిపోగా, అంతకు మించి దేశం విడిచిపోయారు. ఆ ద్వీపపు జనాభా 1841 నాటి సంఖ్యను నేటికీ అందుకోలేదు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న ఐరిష్ సంతతివారు తాత ముత్తాతల పల్లెను వెతకడానికి అక్కడ ప్రభుత్వమే దారులు వేసింది. 2013లో ఏడాది పొడవునా ప్రవాసులను ఇంటికి పిలిచే ఉత్సవాన్ని కూడా నడిపింది. రాయలసీమ కరువు అంతకన్నా చిన్నదేమీ కాదు. కానీ ఇక్కడి నుంచి ఓడ ఎక్కిన వాడి మనవడికి ఇప్పటికీ అలాంటి తేలికైన దారి లేదు.

ధాత కరువు, మద్రాసు రేవు

1876లో ధాత నామ సంవత్సరం. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. 1878 దాకా సాగిన ఆ క్షామాన్ని జనం ధాత కరువని పిలిచారు. మద్రాసు రాజధానిలో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్నాయి. 1871, 1881 జనాభా లెక్కలను పక్కపక్కన పెట్టి చూస్తే కర్నూలు జిల్లాలో దాదాపు పావు వంతు మనుషులు తగ్గిపోయినట్టు తేలుతుంది. సుంకేసుల నుంచి కడప దాకా 1863లో మొదలుపెట్టి తవ్విన కేసీ కాలువ అప్పటికే ఉంది. అయినా కరువు ఆగలేదు. కరువు పనుల్లో కూలికి రోజుకు ఒక పౌను గింజలు చాలని భారత ప్రభుత్వం పంపిన కరువు ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. ఆ తిండితో మనిషి బతకలేడని మద్రాసు ప్రభుత్వపు ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు.

అంతకు పదేళ్ల ముందు, 1866 కరువులో, కోవెలకుంట్ల సీమలోని ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి గంజి పోశాడు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. ఆయన మీద పాటలు నేటికీ పాడుతున్నారు. కరువు కాలపు జ్ఞాపకం ఈ సీమలో ఎక్కువగా ఇలా పాటల్లోనే మిగిలింది. గంజి పోసినవాడి పేరు పాటలో నిలిచింది. గంజి తాగి బతికినవారి పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

దక్షిణాఫ్రికాలోని నేటాలుకు కూలీలను తీసుకుపోయే ఏర్పాటు 1860లో మొదలైంది. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ ఆ ఏడు నవంబరు 16న 342 మందితో డర్బన్ చేరింది. 1866లో ఆగిపోయిన ఈ రవాణా 1874లో తిరిగి మొదలైంది. సరిగ్గా రెండేళ్లకు ధాత కరువు వచ్చింది. 1911లో ఆపేసే నాటికి మొత్తం 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా నేటాలు చేరారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి పోయినవారే. మారిషస్‌కు ఈ రవాణా ఇంకా ముందే, 1834లో మొదలైంది. ఫిజీకి మద్రాసు నుంచి మొదటి ఓడ 1903లో వెళ్లింది. మద్రాసు నుంచి వాయవ్య దిక్కుగా వేసిన రైలు దారి 1871కి రాయచూరు చేరింది. కోడూరు, రాజంపేట, నందలూరు, కడప ఆ దారిలోని ఊర్లే. నడవలేని కరువు మనిషికి కూడా మద్రాసు అందుబాటులోకి వచ్చిన కాలమది.

ఒక సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి. ఆనాడు సముద్రం దాటిన తెలుగువారిలో పెద్ద భాగం రాయలసీమవారు కాదు. మారిషస్ తెలుగువారు నేటికీ సింహాద్రి అప్పన్నను కొలవడానికి కారణం వారి పూర్వీకులు ఎక్కువగా విశాఖ, గంజాం వైపువారు కావడమే. నేటాలుకు మాత్రం ఉత్తర ఆర్కాటు నుంచి చాలా పెద్ద సంఖ్యలో వెళ్లారు. నేటి చిత్తూరు, చంద్రగిరి సీమలు అప్పుడు ఆ జిల్లాలోవే. వారి పక్కనే ఆ ఓడ జాబితాల్లో కడప జిల్లా పేరు కూడా కనిపిస్తుంది.

అక్కడ పేరుంది, ఇక్కడ లేదు

ఓడ ఎక్కే ప్రతి మనిషి వివరాలను గుమాస్తా వరసగా రాసేవాడు. ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, జిల్లా, తాలూకా, ఊరు. నేటాలు ఓడల జాబితాలు డర్బన్‌లో భద్రంగా ఉన్నాయి. చరిత్రకారుడు సురేంద్ర భానా వాటిలో 1902 దాకా ఉన్న 95,382 మంది వివరాలను లెక్కగట్టి 1991లో పుస్తకం వేశాడు. మారిషస్‌లో మోకా దగ్గరి మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస కూలీల రిజిస్టర్లు, వారి ఫొటోలు ఉన్నాయి. కూలీలు దిగిన పోర్ట్ లూయీ రేవులోని ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఫిజీ చేరిన కూలీల వలస పాసులు ఆ దేశపు జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. డర్బన్‌లో ఒక తెలుగు కుటుంబం తలుచుకుంటే ముత్తాత ఎత్తు ఎంతో, ఎడమ చేతి మీద మచ్చ ఉందో లేదో కూడా తెలుసుకోగలదు.

అసలు చిక్కు ఆ కాగితం పట్టుకుని ఈ గడ్డ మీద దిగాక మొదలవుతుంది.

ఇక్కడి పాత కాగితాలు భూమి కాగితాలు. దత్త మండలాలని అప్పట్లో పిలిచిన ఈ సీమకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1800–1807 మధ్య చేయించిన పైమాషీ (భూముల కొలత) దగ్గర్నుంచి, 1860లలో ఇనాం కమిషన్ తయారుచేసిన రిజిస్టర్లు, ఆపైన వచ్చిన డైగ్లాట్లు, ఆర్.ఎస్.ఆర్.లు అనే భూమి రిజిస్టర్లు, కరణం రాసిన అడంగళ్ల (సాగు లెక్కల) దాకా అన్నింటిలో కనిపించేది పట్టాదారు పేరు, ఇనాందారు పేరు. సెంటు భూమి లేక ఓడెక్కిన మాల, మాదిగ, వడ్డె కుటుంబాల పేర్లు వాటిలో ఎందుకుంటాయి? భూమి ఉన్న ఇంట్లో కూడా ఆడమనిషి పేరు అరుదు. అదే ఓడ జాబితాలో ఆమెకు సొంత నంబరుంది, సొంత వరుసుంది. పుట్టిన దేశంలో ఏ లెక్కకూ ఎక్కని మనుషుల పేర్లు పరాయి దేశపు రిజిస్టర్లలో పదిలంగా ఉండటం ఈ వలస చరిత్రలో అన్నిటికన్నా బాధపెట్టే నిజం.

ఐర్లండుతో పోల్చి చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది. 1922 జూన్ 30న డబ్లిన్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు అంతర్యుద్ధంలో పేలిపోయి, 1821 నుంచి 1851 దాకా జరిగిన జనాభా లెక్కల పత్రాలు చాలావరకు బూడిదయ్యాయి. అయినా అక్కడి వెతుకులాట ఆగలేదు. రిచర్డ్ గ్రిఫిత్ 1847–1864 మధ్య చేయించిన భూముల మదింపులో యజమానితో పాటు కౌలుదారు పేరు కూడా ఉంది. చర్చిలో బాప్తిస్మం పొందిన పేదవాడి బిడ్డకూ ఓ వరుస దక్కింది. కాలిపోయినదాన్ని ఇతర చోట్ల ఉన్న నకళ్లతో తిరిగి కూర్చి, ఆ ప్రమాదానికి వందేళ్లు నిండిన 2022లో ఆన్‌లైన్‌లో అందరికీ తెరిచారు. రాయలసీమలో రికార్డు కాలిపోయిందని బాధపడటానికి కూడా లేదు, ఎందుకంటే కూలి మనిషి పేరుతో రికార్డు పుట్టలేదు. జనన మరణాలను దేశమంతటా తప్పనిసరిగా నమోదు చేయాలన్న చట్టమే 1969లో వచ్చింది.

కాబట్టి వచ్చినవారి చేతిలో మిగిలే ఆధారం ఊరి పేరొక్కటే. దాన్ని పట్టుకోవడానికి జిల్లాల చరిత్ర తెలియాలి. ఓడ జాబితాలో కడప జిల్లా, మదనపల్లె తాలూకా అని ఉంటే నేటి కడపలో వెతికి లాభం లేదు. మదనపల్లె, వాయల్పాడు 1911లో కొత్తగా ఏర్పడిన చిత్తూరు జిల్లాలో చేరాయి. కదిరి అనంతపురానికి పోయింది. కర్నూలు జిల్లా మార్కాపురం అని ఉన్నది 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు (తర్వాత ప్రకాశం) జిల్లాలోకి పోయింది. బళ్లారి జిల్లా ఆదోని తాలూకా 1953లో ఆంధ్ర రాష్ట్రంతో పాటే కర్నూలులో కలిసింది. 2022లో నంద్యాల, అన్నమయ్య జిల్లాలు విడిపోయాక మరో పొర చేరింది. రాయలసీమ అన్న పేరు ఏ ఓడ జాబితాలోనూ కనపడదు. ఆ పేరు వాడుకలోకి వచ్చింది 1928 నంద్యాల సభలతో. ఇన్ని మార్పులలోనూ పల్లె పేరు మాత్రం చాలాచోట్ల అలాగే ఉంది. గుమాస్తా ఇంగ్లీషు అక్షరాల్లో ఎంత వంకరగా రాసినా, ఆ తాలూకా ఊర్ల పేర్లు తెలిసిన స్థానికుడు గట్టిగా చదివితే పోల్చుకోగలడు.

ఊరి పేరు దొరికాక చదవాల్సినవి కైఫీయత్తులు. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ 19వ శతాబ్దం తొలి రెండు దశాబ్దాల్లో, కావలి సోదరుల వంటి సహాయకులతో ఊరూరా రాయించిన గ్రామ వృత్తాంతాలివి. ఆ ఊరు ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి ఏ మాన్యం ఉంది, కరణీకం ఎవరికి ఎట్లా వచ్చింది అన్నవి వాటిలో ఉంటాయి. కడప జిల్లా కైఫీయత్తులను కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కట్టా నరసింహులు సంపాదకత్వంలో అచ్చువేసింది. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో, బ్రౌన్ నివసించిన చోటనే వెలసిన సంస్థ అది. తర్వాత యోగి వేమన విశ్వవిద్యాలయంలో భాగమైంది. కైఫీయత్తు చదివితే ముత్తాత పేరు దొరకదు. ఆయన ఏ చెరువు నీళ్లు తాగాడో, ఏ గుడి ముందు దండం పెట్టాడో దొరుకుతుంది. ప్రవాసి వారసుడికి అది తక్కువేం కాదు.

ఇంటిపేరు తెగిన చోట

తెలుగువాడి ఇంటిపేరు చాలాసార్లు ఊరి పేరే. తాళ్లపాక అన్నమయ్యది రాజంపేట దగ్గరి తాళ్లపాక. పొద్దుటూరులో స్థిరపడిన కవి పుట్టపర్తి నారాయణాచార్యుల ఇంటిపేరు మొదట తిరుమల. పుట్టపర్తిలో ఉండిన వంశం కాబట్టి ఆ ఊరి పేరు వచ్చింది. ఈ దారం నేటాలులో తెగింది. అక్కడి కాగితాల్లో నాయుడు, రెడ్డి, చెట్టి అన్నవే వంశనామాలైపోయాయి. నేడు దక్షిణాఫ్రికాలో నాయుడు అన్న పేరు ఎంత మందికి ఉందంటే, దాన్ని బట్టి ఊరు కనుక్కోవడం సాధ్యం కాదు. ఓడ ఎక్కడానికి ఒప్పుకోరేమోనని కులం మార్చి, పేరు మార్చి రాయించుకున్నవారూ ఉన్నారు.

భాష మిగలడానికి మాత్రం వాళ్లు గట్టిగా పోరాడారు. దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ 1931లో పుట్టింది. ఫిజీలో దక్షిణ భారత ఆంధ్ర సంగం 1941లోను, మారిషస్‌లో ఆంధ్ర మహాసభ 1947లోను ఏర్పడ్డాయి. బడిలో తెలుగు లేని చోట సాయంత్రం బళ్లు పెట్టి, ఉగాదిని, రామభజనను కాపాడుకున్నారు. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా ఆ ద్వీపంలోనే.

ఇటు సీమలో ఇంటిపేర్లను, గోత్రాలను నోటితో మోసుకొచ్చిన కులాలున్నాయి. రెడ్ల వంశాలను పిచ్చికుంట్లవారు, కోమట్ల గోత్రాలను వీరముష్టివారు, పద్మశాలీల కథను సాధనాశూరులు, మాదిగల పురాణాన్ని డక్కలివారు చెప్పేవారు. పిచ్చికుంట్లవారిని ఇప్పుడు వంశరాజ్ అంటున్నారు. పేరు పెట్టి ఏ ఇంటివాడు ఏ ఊరి నుంచి వచ్చి ఏ ఊళ్లో నిలిచాడో వారు వరసగా చెప్పగలిగేవారు. డక్కలివారి వంటి గాయకులుండటం వల్ల భూమి లేనివారి చరిత్రకు కూడా ఓ నోరు ఉండేది. కానుకలిచ్చేవారు తగ్గి, పిల్లలు వేరే పనుల్లోకి పోయి ఆ నోళ్లు మూతపడుతున్నాయి. కెమెరాతో, ధ్వని పరికరంతో వారి దగ్గర కూర్చోవడానికి విశ్వవిద్యాలయాలకు మిగిలిన సమయం చాలా కొద్ది. ఈ పని అన్నిటికన్నా ముందు జరగాలి, ఎందుకంటే కాగితం ఇంకో పదేళ్లు ఆగుతుంది, మనిషి ఆగడు.

గండికోట నుంచి కోవిల్‌పట్టికి

పెన్నా లోయ అంచున నిలిచిన గండికోటను పెమ్మసాని నాయకులు ఏలారు. 17వ శతాబ్దం మధ్యలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దాన్ని పట్టుకున్నాడు. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 1652లో అక్కడే ఆయన్ని కలిశాడు. కోట పోయాక పెమ్మసాని వారు దక్షిణానికి వెళ్లారు. తమిళనాడులోని కురివికుళం జమీందారులు ఆ వంశమే. ఇళయరసనేందల్ జమీందారులది రావెళ్ల ఇంటిపేరు. నేటాలులో ఒకే తరంలో పోయిన ఇంటిపేరు, తమిళ దేశంలో 300 ఏళ్లకు పైగా నిలిచింది. కుటుంబాలు కుటుంబాలుగా, బంధువులతో కలిసి, పెళ్లిళ్లు తమలో తాము చేసుకుంటూ స్థిరపడటం దీనికి కారణం. ఓడలో పోయినవాడు చాలాసార్లు ఒంటరివాడు.

ఈ వలస జ్ఞాపకాన్ని తమిళ సాహిత్యంలో నిలబెట్టినవాడు కి. రాజనారాయణన్. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో తెలుగు మాట్లాడే ఇంట పుట్టి, తమిళంలో కరిసల్ (నల్లరేగడి) నేల రచయితగా పేరు పొందాడు. తెలుగుదేశం నుంచి భయంతో తరలివచ్చి నల్లరేగడిలో ఊరు కట్టుకున్న జనం కథ ఆయన 'గోపల్ల గ్రామం'. దాని తర్వాతి భాగానికి 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఇంట్లో అవ్వలు చెప్పిన కథలే ఆయనకు రికార్డు.

మదనపల్లెలో ఒక ఐరిష్ ఇల్లు

వలస ఇటువైపు కూడా సాగింది. 1916లో డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగినప్పుడు బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన కవి జేమ్స్ కజిన్స్ మద్రాసులో అనీ బిసెంట్ పత్రికలో పనిచేస్తున్నాడు. తిరుగుబాటుదారులను మెచ్చుకుంటూ రాసిన వ్యాసం వల్ల ఆ ఉద్యోగం పోయింది. తర్వాత ఆయన మదనపల్లె థియొసాఫికల్ కళాశాలకు వచ్చాడు. అప్పటికి అయిదేళ్ల ముందు దాకా కడప జిల్లాలో ఉన్న ఊరది. రాస్‌కామన్ కౌంటీలోని బోయిల్‌లో పుట్టిన ఆయన భార్య మార్గరెట్ సంగీతం తెలిసినవారు, స్త్రీల ఓటు హక్కు ఉద్యమంలో జైలుకు పోయినవారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెకు వచ్చినప్పుడు జనగణమనకు స్వరలిపి రాసింది ఆమే. ఠాగూర్ దాని ఇంగ్లీషు అనువాదాన్ని అక్కడే చేశారు. జేమ్స్ కజిన్స్ 1956లో మదనపల్లెలోనే కన్నుమూశాడు. పుట్టిన ద్వీపాన్ని మరవకుండానే ఒక మనిషి ఇంకో గడ్డకు చెందగలడని ఆ దంపతుల జీవితం చూపుతుంది.

కువైటు ఇళ్లు, గంగమ్మ జాతర

రాయచోటి, రాజంపేట, కోడూరు, బద్వేలు వైపు పల్లెల్లో కువైటు పేరు వినని ఇల్లుండదు. మగవారు డ్రైవర్లుగా, గొర్రెల కాపరులుగా, ఆడవారు ఖద్దామాలుగా (పనిమనుషులుగా) అరబ్బుల ఇళ్లలో పనిచేస్తారు. ఆజాద్ వీసా, అకామా (నివాస అనుమతి), కఫీల్ (పూచీ ఉండే యజమాని) అన్న మాటలు ఇక్కడి రచ్చబండ మీద మామూలు మాటలు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైటును ఆక్రమించినప్పుడు భారత ప్రభుత్వం లక్షా 70 వేలకు పైగా మనుషులను విమానాల్లో వెనక్కి తెచ్చింది. వచ్చినవారిలో కడప జిల్లావారు చాలామంది. యుద్ధం ముగిశాక అప్పులు తీర్చడానికి మళ్లీ అక్కడికే పోయారు.

వీరికి ఊరు వెతుక్కునే పని లేదు. డబ్బు ఊళ్లోకే వస్తుంది, ఇల్లు ఊళ్లోనే లేస్తుంది, రోజూ వీడియోలో అవ్వ ముఖం కనిపిస్తుంది. సెలవు దొరికితే లక్కిరెడ్డిపల్లె దగ్గర అనంతపురం అనే పల్లెలో జరిగే గంగమ్మ జాతరకో, కడప పెద్ద దర్గా ఉరుసుకో కుదిరేట్టు చూసుకుంటారు. ఉగాదినాడు దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు కూడా కొబ్బరికాయ తీసుకుని వెళ్లే సీమ ఇది. స్వామి దేవేరి బీబీ నాంచారిని తమ ఆడబిడ్డగా, స్వామిని అల్లుడిగా వారు తలుస్తారు. అలాంటి మొక్కుబడులు దూరాన్ని దగ్గర చేసినంతగా ఏ సంఘమూ చేయలేదు.

చట్టం, కాగితం

భారత ప్రభుత్వం 2008లో పూర్వీకుల ఊరు కనుక్కోవడానికి ఒక పథకం పెట్టింది. దరఖాస్తుదారు రుసుము కట్టి, ఓడ కాగితం జతచేస్తే వెతికి చెప్పాలని ఉద్దేశం. ప్రవాస భారతీయ పౌరసత్వపు (ఓసీఐ) కార్డు మామూలుగా ముత్తాత దాకా లెక్కించి ఇస్తారు. మారిషస్‌వారికి ఏడో తరం దాకా ఇస్తామని 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ఆ దేశంలో ప్రకటించారు. ఇదే వెసులుబాటు నేటాలు తెలుగువారికీ న్యాయంగా రావాలి. 1860లో ట్రూరో ఎక్కినవారి మనవల మనవలు నేడు ఆ ముత్తాత హద్దు దాటిపోయారు.

కడప, కర్నూలు కలెక్టరేట్లలో చేయదగ్గ పనులు రెండున్నాయి. ఓడ జాబితాల్లో ఈ జిల్లాల పేరున్న ప్రతి వరుసనూ తెప్పించి, పాత తాలూకా పేరును నేటి మండలంతో జోడించి తెలుగులో అచ్చువేయడం ఒకటి. రెండోది నేటి వలసకు సంబంధించింది. ఇంటి పని కోసం కువైటు వంటి దేశాలకు పోయే స్త్రీకి 30 ఏళ్లు నిండి ఉండాలని నిబంధన. దాన్ని దాటడానికి ఏజెంట్లు వయసు మార్చి పాస్‌పోర్టు తీయిస్తారు, లేదా విజిట్ వీసా మీద పంపుతారు. అలా పోయిన మనిషి ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ లెక్కలోకి రాదు. ఆమెకు కష్టం వచ్చినప్పుడు ఎంబసీ చేతిలో సరైన పేరు, ఊరు ఉండవు. 1876లో ఓడెక్కిన ఆడమనిషికి ఉన్న ఆ వరుస ఈమెకు లేదు. గ్రామ సచివాలయం స్థాయిలో, కేసుల భయం లేకుండా, పోయేవారు తమ ఊరు, తండ్రి పేరు, పని ఇల్లు ఉన్న చోటు రాయించుకునే పుస్తకం ఒకటి తెరవడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు.